వార్డులో మన కాగితాలు: ఏ కౌంటర్‌లో పదిలం, ఏ చేతిలో ఆగం

ఇంటి పన్ను, నల్లా కనెక్షన్, బర్త్ సర్టిఫికెట్, పింఛను, రేషన్ కార్డు, ఇందిరమ్మ ఇల్లు, కల్యాణలక్ష్మి. పట్టణంలో కాపురం ఉన్నవాళ్లకు వీటిలో ఏదో ఒక పని పడక తప్పదు. పడిన ప్రతిసారీ ఆధార్ జిరాక్స్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోన్ నంబరు ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పదు. పని అయిందా లేదా అని అందరం అడుగుతాం. ఇచ్చిన కాగితాలు ఏమయ్యాయని అడిగేవాళ్లు తక్కువ. ఈ సమీక్ష ఆ రెండో ప్రశ్న గురించి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మొదలుకొని కరీంనగర్, రామగుండం, జగిత్యాల, నిజామాబాద్ దాకా మున్సిపల్ కౌంటర్లు, వార్డు ఆఫీసర్, బిల్ కలెక్టర్, పట్టణ మహిళా సంఘాలను చూసే మెప్మా రిసోర్స్ పర్సన్ (ఆర్పీ), కార్పొరేటర్ లేదా కౌన్సిలర్ ఇంటి ఆఫీసు మన వివరాలను ఎట్లా చూసుకుంటున్నాయో 5కు మార్కులు వేసి చెబుతున్నాం. ఏ ఒక్క ఆఫీసునూ వేలెత్తి చూపడం లేదు, ఎందుకంటే పద్ధతి అంతటా దాదాపు ఒక్కటే.

ముందు తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్దాం. కంప్యూటర్‌లోకి ఎక్కిన వివరాలకు ఒక లాగిన్ ఉంటుంది, ఎవరు తెరిచారో ఒక గుర్తు మిగులుతుంది. ప్రమాదం అంతకు ముందు దశలో ఉంది. దరఖాస్తు మన చేయి దాటి కంప్యూటర్ దాకా చేరేలోపు జిరాక్సుల కట్టగా ఎవరి బల్ల మీదనో, ఫొటోగా ఎవరి ఫోన్ గ్యాలరీలోనో ఉండిపోతోంది. ఆ కాగితానికి, ఆ ఫొటోకు బాధ్యుడెవరో ఎక్కడా రాసి ఉండదు.

జనన మరణ నమోదు విభాగానికి 4 మార్కులు. ఉన్న అన్నిట్లో ఇదే మెరుగు, కారణం చట్టం పాతదైనా పకడ్బందీగా ఉండటం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు సమాచారం ఇస్తే నమోదు ఉచితం, సమాచారం ఇచ్చినవారికి మొదటి ప్రతి కూడా ఉచితమే. రుసుము కట్టి రిజిస్టర్‌లో ఎవరి నమోదునైనా వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. అయితే అదే 17వ సెక్షన్ ఒక కట్టడి పెట్టింది: మరణానికి సంబంధించిన నకలు ఎవరికిచ్చినా అందులో చనిపోయిన కారణం కనబడకూడదు. రిజిస్టర్‌లో కారణం ఉంటుంది, బయటికిచ్చే కాగితంలో ఉండదు. ఇంటివాళ్ల దుఃఖంలో ఊరు తలదూర్చకుండా కాపాడే ఏర్పాటిది. ఏ వివరం దాచుకోవాలి, ఏది బయటికివ్వాలి అని విడదీసే ఇలాంటి ఆలోచన మిగతా విభాగాలకు ఇప్పటికీ అలవడలేదు.

ఒక మార్కు ఎందుకు కోశామంటే, పేరు చేర్చడానికీ తప్పులు దిద్దడానికీ వచ్చే దరఖాస్తుల కోసం. ఆఫీసు గేటు బయట ఫారం నింపిపెట్టే మనిషి తల్లిదండ్రుల ఆధార్లు, అఫిడవిట్ తీసుకుని దరఖాస్తులో తన ఫోన్ నంబరు వేస్తాడు. ‘మీకు మెసేజ్ చదవరాదు గదా అక్కా, నా నంబరు పెడుతున్న’ అంటాడు. ఆ రోజుకు అది సాయమే. కానీ ఆ తర్వాత ఆ దరఖాస్తు మీద వచ్చే ప్రతి మెసేజ్, ప్రతి ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతుంది. ఇది ఒక్క ఈ విభాగం సమస్య కాదు. మీసేవ దరఖాస్తుల్లో, పథకాల ఫారాల్లో ఎక్కడ చూసినా ఇదే కనబడుతుంది. రసీదు చేతికి రాగానే ముందు చూడాల్సింది పేరు కాదు, ఫోన్ నంబరు గడి. మీది కాకపోతే కౌంటర్ దగ్గరే నిలబడి మార్పించుకోండి. ఇంట్లో ఎవరికీ ఫోన్ లేకపోతే బిడ్డదో మనుమడిదో వేయించండి, బయటివాళ్లది మాత్రం వద్దు.

ఆస్తి పన్ను విభాగానికి 3. మున్సిపల్ శాఖ వెబ్‌సైట్‌లో పీటీఐఎన్ (ఇంటి పన్ను గుర్తింపు నంబరు)తోగానీ, ఇంటి నంబరుతోగానీ, యజమాని పేరుతోగానీ వెతికితే ఆ ఇంటి పన్ను బాకీ కనబడుతుంది. ఇల్లు కొనబోయేవాళ్లకు, దూరంగా ఉండి పన్ను కట్టేవాళ్లకు ఇది చాలా అక్కరకొచ్చేది. దీన్ని మూసేయమని మేం అనం. కాకపోతే మోసగాడికి కూడా అదే తలుపు తెరిచి ఉంటుంది. పేరు, ఇంటి నంబరు, బాకీ మొత్తం పైసలతో సహా సరిగ్గా చెప్పి ‘మున్సిపల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం, సాయంత్రంలోపు కట్టకపోతే నల్లా బంద్ అయితది, ఈ నంబరుకు ఫోన్‌పే చేయండి’ అంటే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. లెక్క సరిగ్గా చెప్పినంత మాత్రాన ఆఫీసు మనిషి అయిపోడు. పన్ను కట్టడానికి నమ్మకమైనవి ఈ నాలుగు: మున్సిపల్ కౌంటర్, మీసేవ, శాఖ వెబ్‌సైట్, లేదా అప్పటికప్పుడు రసీదు ముద్రించిచ్చే మిషన్ చేతిలో ఉన్న బిల్ కలెక్టర్. నాలుగింటిలో ఎక్కడ కట్టినా మరునాడు అదే వెబ్‌సైట్‌లో పీటీఐఎన్ కొట్టి బాకీ తగ్గిందో లేదో చూసుకోండి. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ ఇచ్చే రోజుల్లో, మళ్లీ మార్చి చివర వసూళ్ల ఒత్తిడి ఉన్నప్పుడు ఇలాంటి ఫోన్ల విషయంలో మరింత పైలంగా ఉండాలి.

అదే రెవెన్యూ విభాగంలో ఇంటి పేరు మార్పిడి ఫైలు మాత్రం చాలా సున్నితమైంది. అందులో సేల్ డీడ్ నకలు, లింకు డాక్యుమెంట్లు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వీలునామా ఉంటే దాని నకలు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు సంతకాలు పెట్టిన అఫిడవిట్ ఉంటాయి. ఆ ఇంటి పంచాయితీ అంతా ఒక్క ఫైల్‌లో దారంతో కట్టి ఉంటుందన్నమాట. ఇట్లాంటి ఫైలు మూడో మనిషి బైక్ డిక్కీలో తిరగకూడదు. దరఖాస్తును ఇన్‌వార్డు కౌంటర్‌లో స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలి. పేజీలన్నింటికీ 1 నుంచి నంబర్లు వేసి ‘మొత్తం ఇన్ని పేజీలు’ అని మొదటి పేజీ మీద రాయండి. తర్వాత ఒక్క కాగితం పోయినా ఎక్కడ పోయిందో తేలిపోతుంది. అసలు దస్తావేజు చూపించాలి తప్ప ఇచ్చి రాకూడదు.

లబ్ధిదారుల జాబితాలకు 2 మార్కులకు మించి వేయలేకపోతున్నాం. జాబితా బయట పెట్టడం తప్పని కాదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించమంటోంది. పైరవీతో పేరు ఎక్కించుకున్నవాణ్ని పక్కింటివాళ్లు గుర్తుపట్టేది ఆ జాబితా వల్లే. 2025 జనవరి 21 నుంచి 24 దాకా గ్రామసభలు, వార్డు సభలు పెట్టి రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివినప్పుడు జనం లేచి అడగగలిగింది కూడా పేర్లు బయటికి చెప్పబట్టే. ఆ హక్కు పోకూడదు. మా తకరారు జాబితాలో ఉండే నిలువు గళ్ల మీద. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, మంజూరైందా లేదా అన్నది: నాలుగు గళ్లు చాలు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే తండ్రి పేరు, ఇంటి నంబరు విడదీస్తాయి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు గోడ మీద ఉండాల్సిన అవసరం ఏ పథకానికీ లేదు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించకూడదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ నేరుగా చెప్పింది. ఎక్సెల్ షీట్‌ను ఉన్నది ఉన్నట్టు ప్రింట్ కొట్టడం వల్ల జరిగే తప్పిది. అక్కర్లేని గళ్లను తీసేసి ప్రింట్ తీయడానికి నిమిషం పట్టదు.

ఇంతకంటే లోతైన గాయం పింఛన్ల జాబితాలో ఉంది. ఇక్కడి పింఛన్లలో వృద్ధులు, వితంతువులు, కొత్తవాడ చేనేత కార్మికులు, గీత కార్మికులు, నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీ కార్మికులతో పాటు ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు, డయాలసిస్ రోగులు, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు కూడా ఉన్నారు. పింఛను రకం అనే ఒక్క గడి ఆ చివరి పేర్ల పక్కన ఏం రాస్తుందో ఆలోచించండి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ మనిషి అనుమతి లేకుండా వారి స్థితిని వెల్లడించడాన్ని నిషేధించింది. అయినా వార్డు జాబితాను రకం గడితో సహా ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తే ఒక కుటుంబం ఆ బస్తీలో తలెత్తుకోలేకుండా పోతుంది, ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాకుండా పోతుంది. దీనికి మందు కష్టమైంది కాదు. ఆరోగ్యానికి ముడిపడిన పింఛన్లను వార్డు జాబితాలో పేర్లుగా కాక మొత్తం సంఖ్యగా చూపించి, మనిషికి మాత్రం నేరుగా ఫోన్‌లో చెప్పాలి. వార్డు ఆఫీసర్లు, ఆర్పీలు ఈ ఒక్క విషయం పట్టించుకున్నా ఈ విభాగానికి 4 వేస్తాం.

ఇక కార్పొరేటర్ ఇంటి ఆఫీసు. మిగతావాటి కంటే దీని గురించి ఎక్కువ చెప్పాలి. గ్రేటర్ వరంగల్‌లో 2021 ఎన్నికల నాటికి 66 డివిజన్లు, అంటే 66 ఇళ్ల ముందర గదులు. పొద్దున ఏడింటికే అక్కడ ప్లాస్టిక్ కుర్చీలు నిండుతాయి. చదువురాని అవ్వకు మున్సిపల్ ఆఫీసు మెట్ల కంటే ఆ గది దగ్గర. మాట వినే మనిషి అక్కడ దొరుకుతాడు, పని కూడా చాలాసార్లు అక్కడి ఫోన్‌తోనే కదులుతుంది. ఆ సేవను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ గదికి రికార్డు రూమ్ లేదు, ఇన్‌వార్డు రిజిస్టర్ లేదు, కాగితం ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే నియమం లేదు. సోఫా పక్కన టీపాయ్ మీద జిరాక్సులు పేరుకుంటాయి, ఒక పక్క పిన్ను గుచ్చినవి, ఇంకో పక్క విడివిడిగా, అడుగున ఎప్పటివో. కార్పొరేటర్ వెంట ఉండే పిల్లగాడు ‘అవ్వా, ఆధార్ ఇటియ్యి, ఫొటో కొట్టుకుంట’ అని సొంత ఫోన్‌లో తీసుకుంటాడు. ఆ ఫొటో గ్యాలరీలో చేరి, అక్కణ్నుంచి ఆన్‌లైన్ బ్యాకప్‌లోకి ఎక్కుతుంది. అతను రేపు ఫోన్ మార్చినా, పార్టీ మారినా ఫొటో అతనితోనే ఉంటుంది.

వేలిముద్ర సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. సంతకం రానివాళ్లు దరఖాస్తు అడుగున బొటనవేలి ముద్ర వేస్తారు, అదే పేజీకి ఆధార్ జిరాక్స్ పిన్ను చేస్తారు. ఈ రెండూ కలిసి ఒక్క ఫొటోలో పడటం ఎంత ప్రమాదమో ఉత్తర తెలంగాణకు చేదుగా తెలుసు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు పోసి, దస్తావేజుల్లోని ఆధార్ నంబర్లతో వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు అరెస్టు చేశారు. ఆ దస్తావేజుల్లో ఉన్నది వేలిముద్ర, ఆధార్ నంబరు, అంతే. పింఛను దరఖాస్తులో ఉన్నదీ అవే. కాబట్టి ముద్ర వేసిన పేజీని ఎవరినీ ఫొటో తీయనివ్వకండి. ముద్ర పేజీ కాగితంగా కౌంటర్‌కే వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రతో ఆధార్ వాడకుండా ఆపే తాళం) వేసిపెట్టండి. ఆధార్ సంస్థ యూఐడీఏఐ యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ వేసుకోవచ్చు. పింఛను తీసుకునే రోజు తీసేసి, డబ్బు చేతికొచ్చాక మళ్లీ వేయాలి. తీయడం మరచిపోతే పోస్టాఫీసు దగ్గర బయోమెట్రిక్ గుర్తింపు పడదు, అవ్వ ఎండలో నిలబడి వెనక్కి వస్తుంది. అందుకే తీసే పని ముందు రోజు రాత్రే చేయండి.

కార్పొరేటర్ ఒక్కరే అయినా చేసే పనులు మూడు రకాలు, కాగితాల లెక్క మూడింటికీ వేర్వేరు. కౌన్సిల్ సభ్యుడిగా చేతికి వచ్చిన ఫైలు మున్సిపాలిటీది, ఇంట్లో ఉండకూడదు. వార్డు మనిషి తరఫున అధికారితో మాట్లాడటానికి తీసుకున్న జిరాక్స్ ఆ మనిషిది, పని అయ్యాక తిరిగి చేరాలి. మూడోది పార్టీ పని, దానికి పై రెండింటిలోంచి ఒక్క నంబరు కూడా తీయకూడదు. జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. ప్రచురించే ఓటరు జాబితాలో పేరు, వయసు, బంధువు పేరు, ఇంటి నంబరు ఉంటాయి, ఫోన్ నంబరు ఉండదు. మరి ఎన్నికల ముందు మన పేరు పెట్టి పిలిచి, ‘మీకు పింఛను వస్తుంది గదా’ అని మాట్లాడే ఫోన్‌కు మన నంబరు ఎక్కడిది? పథకం దరఖాస్తులదే అయి ఉండాలి. పింఛను కోసం ఇచ్చిన నంబరును ఓటు కోసం వాడటం నమ్మి ఇచ్చినవాళ్లకు చేసే అన్యాయం, దీన్ని మామూలే అని వదిలేయకూడదు.

గడువు ముగిసినప్పుడు ఈ లోపం మరీ బయటపడుతుంది. 2020 జనవరిలో గెలిచిన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ఫైళ్లు ఆఫీసులో ఉన్నాయి కాబట్టి చేతులు మారాయి. మాజీ కౌన్సిలర్ల ఇళ్లలోని జిరాక్సులు, ఫోన్లలోని గ్రూపులు ఎవరికి అప్పగించాలి? చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇంటి ఆఫీసులకు మేం వేసేది 2. బాగా చూసుకునేవాళ్లు లేరని కాదు, కాగితం తీసుకున్న రోజే పని చూసి తిరిగిచ్చే కార్పొరేటర్లూ ఉన్నారు. కానీ అది వాళ్ల మంచితనం మీద నడుస్తోంది, ఒక పద్ధతి మీద నడవడం లేదు.

వార్డు వాట్సాప్ గ్రూపుకు 1. డ్రైనేజీ పొంగింది, స్తంభం లైటు పోయింది, చెత్త బండి రాలేదు అని చెప్పుకోవడానికి గ్రూపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ పనికి 5 వేయొచ్చు. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు లాంటి వేళల్లో వేగంగా కబురు చేరేది గ్రూపుల్లోనే. సమస్య కూడా ఆ తొందరలోనే పుడుతుంది. ‘ఆధార్, అకౌంట్ నంబర్ గ్రూపుల పెట్టున్రి, లిస్టు పంపాలె’ అని ఒక్క మెసేజ్ వస్తే చాలు, పదుల పాస్‌బుక్‌లు వందల మంది ముందు పడతాయి. ఆ మెసేజ్ పెట్టింది నిజంగా ఆర్పీయేనా, ఆమె పేరు పెట్టుకున్న ఇంకొకరా అన్నది ఎవరూ చూడరు. తర్వాత అదే గ్రూపులోకి పథకం పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) దిగుతుంది, నొక్కినవాళ్ల ఫోన్ మోసగాళ్ల చేతికి పోతుంది.

చెక్కుల పంపిణీ ఫొటోలదీ ఇదే కథ. సీఎం సహాయ నిధి చెక్కు పట్టుకున్న మనిషి ముఖం, చెక్కు మీద పేరు, మొత్తం, కింద రాతలో జబ్బు, ఆసుపత్రి పేరు. సాయం అందిందని చెప్పుకోవాలనుకుంటే చెక్కును తిప్పి పట్టుకుని దిగొచ్చు, జబ్బు పేరు రాయకుండా వదిలేయొచ్చు. కల్యాణలక్ష్మి ఫైల్‌లోనైతే పెళ్లికూతురి ఆధార్, వయసు ధ్రువీకరణ, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, తల్లి పాస్‌బుక్, పెళ్లి ఫొటో అన్నీ ఒక్కచోట ఉంటాయి. ఆ ఫైల్‌ను పేజీ పేజీ ఫొటో తీసి ఫార్వర్డ్ చేయడం కంటే దరఖాస్తు నంబరు ఒక్కటి పంపితే అధికారికి సరిపోతుంది.

కార్పొరేటర్లు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వార్డు పనులకు వేరే ఫోన్, వేరే సిమ్ పెట్టుకోవాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే వచ్చిన ఆధార్ ఫొటోలు గ్యాలరీలోకి ఎక్కవు. కాగితాలు వచ్చే చాట్‌కు డిసప్పియరింగ్ మెసేజెస్ 7 రోజులకు పెట్టుకుంటే పాతవి వాటంతటవే పోతాయి. గ్రూపులో ప్రతివారి నంబరూ మిగతావాళ్లందరికీ కనబడుతుంది. మహిళా సంఘాల సభ్యులకు ఇది పెద్ద తలనొప్పి, తెలియనివాళ్ల మెసేజ్‌లు మొదలయ్యేది ఇక్కడే. కబురు చెప్పడానికే అయితే ఛానల్ పెట్టండి, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా ఉంది గానీ అందులో 256 మందికి మించి పట్టరు, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు మెసేజ్ చేరదు. చాలామంది ‘బ్రాడ్‌కాస్ట్ పెట్టినా రాలేదు’ అనేది అందుకే. టీపాయ్ మీది కాగితాలకు తాళం ఉన్న ఒక బీరువా అర, ఒక నోటుబుక్కు చాలు. నోటుబుక్కులో తేదీ, పేరు, ఏ పని, ఏ కాగితాలు, ఎప్పుడు తిరిగిచ్చాం అని ఐదు గళ్లు. తిరిగివ్వలేనివి పాత పేపర్లవాడికి వేయకూడదు. చింపితే ముక్కలు కలుపుకోవచ్చు, నీళ్ల బకెట్లో రాత్రంతా నానబెట్టి పిసికితే ఇక చదవడానికి ఏమీ మిగలదు.

పెద్ద ఎత్తున కాగితాలు చేరినప్పుడు ఏమవుతుందో ప్రజాపాలన దరఖాస్తులప్పుడు రాష్ట్రమంతా చూసింది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ వెంటనే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద దరఖాస్తులు చెల్లాచెదురుగా పడ్డ వీడియోలు బయటికొచ్చాయి. తీసుకునే కౌంటర్లకు ఏర్పాట్లు ఘనంగా ఉంటాయి, మోసుకెళ్లే దారికి ఉండవు. అట్టపెట్టెకు సీలు, పెట్టె మీద దరఖాస్తుల సంఖ్య, ఇచ్చినవారి, పుచ్చుకున్నవారి సంతకాలు ఉంటే ఒక్క ఫారం తగ్గినా తెలుస్తుంది.

చట్టం సంగతికి వస్తే, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి వచ్చేది ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకే వర్తిస్తుంది. టీపాయ్ మీది జిరాక్స్ దీని కిందికి రాదు, అదే జిరాక్స్‌ను ఫోన్‌లో ఫొటో తీసిన క్షణం నుంచి వస్తుంది. పథకాల కోసం ప్రభుత్వ సంస్థలు ప్రతిసారీ మన సమ్మతి తీసుకోనక్కర్లేదు గానీ, పనికి అవసరమైనంత వరకే తీసుకోవాలి, అవసరం ఉన్నన్నాళ్లే ఉంచాలి, భద్రత కల్పించాలి, అడగడానికి ఒక మనిషి ఫోన్ నంబరో చిరునామానో ఇవ్వాలి అని నిబంధనలు చెబుతున్నాయి. వివరాలు బయటికి పొక్కితే బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. మున్సిపాలిటీలు 2027 దాకా ఆగకుండా ఇప్పుడే ఆ మనిషి పేరు నోటీసు బోర్డు మీద రాయొచ్చు. ఈ చట్టంతోనే సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ కూడా మారింది. ఇతరుల వ్యక్తిగత సమాచారం అడిగితే తిరస్కరించడం అధికారులకు తేలికైంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది కాబట్టి, అక్రమాలు తవ్వే దరఖాస్తుల్లో ఆ సెక్షన్‌ను పేరుపెట్టి రాయడం మరవొద్దు.

మన వైపు జాగ్రత్తల్లో మొదటిది మాస్క్‌డ్ ఆధార్. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ దగ్గర మాస్క్‌డ్ అన్న గడిలో టిక్ పెడితే చివరి 4 అంకెలే కనబడే కార్డు దిగుతుంది. పీడీఎఫ్ పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడి (క్యాపిటల్)లో, వెంటనే పుట్టిన సంవత్సరం. చిరునామా చూపడానికి, కార్పొరేటర్ లేఖకు, ఫిర్యాదుకు ఇది చాలు. పింఛను, రేషన్ వంటి పథకాల నమోదుకు పూర్తి నంబరు కావాల్సి వస్తుంది, అప్పుడు దాన్ని కౌంటర్‌లోనే ఇవ్వండి. జిరాక్స్ మీద అడ్డంగా ‘ఫలానా దరఖాస్తుకు మాత్రమే’ అని తేదీతో రాసి సంతకం పెట్టండి. అక్షరాల మీదుగా పోయేలా రాయాలి, అంచున రాస్తే మళ్లీ జిరాక్స్ తీసేటప్పుడు ఆ అంచు మూసేస్తారు. పేరు, ముఖం మాత్రం కప్పబడకూడదు, కప్పితే కౌంటర్‌లో వెనక్కిస్తారు. పాస్‌బుక్‌లో పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఉన్న పేజీ ఒక్కటే ఇవ్వాలి, జమా ఖర్చుల పేజీ ఎవరడిగినా ఇవ్వకండి.

కార్పొరేటర్ సాయం తీసుకునేటప్పుడు రెండు వాక్యాల చీటీ జతపరచండి: ‘నా దరఖాస్తు నంబరు ఫలానా విషయంలో అధికారులతో మాట్లాడటానికి మా డివిజన్ కార్పొరేటర్ గారికి అనుమతి ఇస్తున్నాను. ఈ కాగితాలు ఈ పనికి మాత్రమే, పని కాగానే తిరిగి ఇవ్వగలరు.’ మర్యాదగానే ఉంటుంది, ఎవరూ నొచ్చుకోరు. అధికారికి కూడా ఎవరి తరఫున ఎంతవరకు మాట్లాడుతున్నారో స్పష్టంగా తెలుస్తుంది.

వివరాలు గ్రూపులో పడిపోతే ముందు గ్రూపు పేరు, పెట్టినవారి నంబరు, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ తర్వాతే తొలగించమని అడగండి. పెట్టినవాళ్లు అందరికీ కనబడకుండా తొలగించే వీలు రెండు రోజులు దాటాక ఉండదు, అందుకని ఆ రోజే అడగాలి. తర్వాత సోమవారం ప్రజావాణిలో కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి నంబరు వేయించుకోండి. ఆధార్ నంబరు బయటపడితే యూఐడీఏఐ 1947కు ఫోన్ చేయండి, వెబ్‌సైట్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ తెరిచి గత 6 నెలల్లో మీకు తెలియకుండా ఎక్కడైనా వాడారేమో చూడండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో తెలుస్తుంది, మీవి కానివి అక్కడే రిపోర్ట్ చేయొచ్చు. డబ్బు పోతే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. మొదటి గంటలో ఫోన్ చేస్తే డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం ఎక్కువ. మన గుర్తింపు వివరాలను ఇంకొకరు మోసానికి వాడుకుంటే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి.

మీ దరఖాస్తు ఎవరి చేతుల మీదుగా పోయిందో తెలుసుకోవాలంటే మున్సిపల్ పౌర సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో ఒక పేజీ రాస్తే చాలు. ఇన్‌వార్డు నంబరు, తేదీ వేసి ‘నా ఫైలు నోట్‌షీట్ నకలు, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, నా పేరుతో నమోదైన ఫోన్ నంబరు ఏది’ అని మూడే అడగండి. సొంత ఫైలు కాబట్టి వ్యక్తిగత సమాచారం అనే సాకు చెల్లదు. నకలుకు పేజీకి 2 రూపాయలు అడుగుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ పైన మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయాలి.